మెడికల్ సీటుకు ఇంటర్వ్యూ ఉంటుందా? పేరెంట్స్ ఇప్పుడే తెలుసుకోవాల్సిన సంగతులు



పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి మాటలన్నీ అయిపోయాక, తలుపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చి అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ బ్రాంచీల్లో అలా తరచుగా వినిపించే ప్రశ్న ఇది: "సార్, మా అమ్మాయి డాక్టర్ అవుతానంటోంది. చదువుకు ఢోకా లేదు. కానీ నలుగురిలో నోరు విప్పదు. మెడికల్ సీటుకు ఇంటర్వ్యూ కూడా ఉంటుందట కదా, ఇప్పటి నుంచే ట్రైనింగ్ ఇప్పించాలా?"

ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. అమెరికాలో ఉన్న బంధువుల పిల్లలు మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూలకు ఊరూరా తిరిగారని ఫోన్‌లో వింటాం. లండన్‌లో ఉన్నవాళ్లు ఇంకో రకంగా చెబుతారు. మెట్రో పిల్లర్ల మీద "ఎంబీబీఎస్ అబ్రాడ్, స్పాట్ ఇంటర్వ్యూ" అనే బోర్డులు కనిపిస్తాయి. ఇవన్నీ కలిసిపోయి, మన పిల్లలకూ అలాంటిదేదో ఉంటుందన్న భయం మొదలవుతుంది. అందుకే ఈ నెల ఈ విషయాన్ని మొదటి నుంచి చివరి దాకా వివరంగా చెప్పుకుందాం.

ముందుగా సూటి జవాబు

తెలంగాణలో ఎంబీబీఎస్ సీటుకు ఇంటర్వ్యూ లేదు. ప్రభుత్వ కాలేజీకీ లేదు, ప్రైవేటు కాలేజీకీ లేదు, మేనేజ్‌మెంట్ కోటాకూ లేదు. బీబీనగర్ ఎయిమ్స్‌కూ లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే ఐదో స్టేషన్ ఉస్మానియా మెడికల్ కాలేజీ. అక్కడ సీటు రావడానికి మీ అమ్మాయి ఏ ప్యానెల్ ముందూ కూర్చోనక్కర్లేదు. నీట్‌లో 720కి ఎన్ని మార్కులు వచ్చాయి, ఆ మార్కులతో ఏ ర్యాంకు వచ్చింది, ఏ రిజర్వేషన్ వర్తిస్తుంది, లోకల్ అవునా కాదా, వెబ్ ఆప్షన్లు ఏ వరసలో పెట్టారు అన్నవే సీటును తేలుస్తాయి.

మరి ఇంటర్వ్యూ ఎక్కడా లేదా? ఉంది. పుణెలోని సైనిక వైద్య కళాశాలకు ఉంది, విదేశాల్లోని చాలా యూనివర్సిటీలకు ఉంది. వాటి గురించి కాసేపట్లో చెప్పుకుందాం. అంతకంటే ముందు, మన దగ్గర అది ఎందుకు లేదో తెలుసుకోవడం మంచిది. ఆ కారణం తెలిస్తే రేపు ఎవరైనా "ఇంటర్వ్యూ ఉంది, డబ్బు కట్టండి" అన్నప్పుడు మీకే అనుమానం వస్తుంది.

ఇంటర్వ్యూలు ఎందుకు పోయాయి?

ఒకప్పుడు మన దేశంలోనూ మెడికల్, ఇంజినీరింగ్ సీట్లకు ఇంటర్వ్యూలు ఉండేవి. పరీక్ష మార్కులకు ఇంటర్వ్యూ మార్కులు కలిపి జాబితా తయారు చేసేవారు. పరీక్షలో ముందున్నవాళ్లు ఇంటర్వ్యూలో వెనక్కి పోవడం, వెనకున్నవాళ్లు ముందుకు రావడం జరిగేది. దాని మీద కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి.

వాటిలో 1981 నాటి అజయ్ హాసియా కేసు ప్రసిద్ధమైనది. అది శ్రీనగర్‌లోని ఇంజినీరింగ్ కాలేజీ విషయం. అక్కడ రాత పరీక్షకు 100 మార్కులు, ఇంటర్వ్యూకు 50 మార్కులు పెట్టారు. ఒక్కొక్కరిని రెండు మూడు నిమిషాలు మాట్లాడించి పంపించేశారన్నది విద్యార్థుల ఫిర్యాదు. మొత్తంలో మూడో వంతు మార్కులు ఇంటర్వ్యూకు ఇవ్వడం తగదని, సాధారణంగా 15 శాతం దాటకూడదని కోర్టు చెప్పింది. రెండు నిమిషాల మాటలతో ఒక పిల్లాడి భవిష్యత్తును తేల్చకూడదన్న ఆలోచన ఆ తీర్పుతో బలపడింది.

మన ఉమ్మడి రాష్ట్రంలో 1980ల నుంచి ఎంసెట్ ర్యాంకే మెడికల్ సీటును తేల్చింది. తర్వాత నీట్ వచ్చింది. తమిళనాడులోని వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ లాంటి కొన్ని సంస్థలు మాత్రం ప్రవేశ పరీక్షతో పాటు ఇంటర్వ్యూలు పెట్టి విద్యార్థులను తామే ఎంపిక చేసుకునే పద్ధతిని చాలా ఏళ్లు నడిపాయి. ప్రైవేటు, మైనారిటీ కాలేజీలు కూడా నీట్ ద్వారానే సీట్లు నింపాలని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పడంతో ఆ చర్చ ముగిసింది. అదే ఏడాది నుంచి ఎయిమ్స్, జిప్‌మర్ ప్రవేశాలు కూడా నీట్‌లోకే వచ్చాయి.

"మేనేజ్‌మెంట్ కోటా ఇంటర్వ్యూ" అని ఫోన్ వస్తే

నీట్ ఫలితాలు వచ్చిన వారంలోనే ఇలాంటి ఫోన్లు మొదలవుతాయి. మీ పిల్లల మార్కులు, మీ ఫోన్ నంబరు వాళ్లకు ఎలా చేరాయో తెలియదు. "ఫలానా కాలేజీలో బి కేటగిరీ సీటు ఉంది, చైర్మన్ గారితో చిన్న ఇంటర్వ్యూ, అడ్వాన్స్ ఇస్తే బ్లాక్ చేస్తాం" అంటారు.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. తెలంగాణలో ప్రైవేటు మెడికల్ కాలేజీల్లోని ఎ కేటగిరీ అంటే కన్వీనర్ కోటా, బి కేటగిరీ అంటే మేనేజ్‌మెంట్ కోటా, సి కేటగిరీ అంటే ఎన్నారై కోటా. ఈ మూడింటికీ కౌన్సెలింగ్ నిర్వహించేది వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయమే. డీమ్డ్ యూనివర్సిటీల సీట్లను, ప్రభుత్వ కాలేజీల్లోని 15 శాతం ఆల్ ఇండియా కోటా సీట్లను ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ, అంటే ఎంసీసీ, నింపుతుంది. నీట్ మెరిట్ వరసను దాటి సీటు ఇచ్చే అధికారం ఏ కాలేజీకీ లేదు. ఇంటర్వ్యూ పెట్టి సీటు ఇస్తామన్న మాట ఎవరి నోట వచ్చినా అది చట్టప్రకారం జరిగేది కాదు. ప్లాటు అమ్మి, బంగారం కుదువ పెట్టి అడ్వాన్స్ ఇచ్చాక ఈ సంగతి తెలిస్తే లాభం లేదు.

మన దగ్గర అసలు పరీక్ష కౌన్సెలింగే

నిజానికి తెలంగాణలో పిల్లల బదులు తల్లిదండ్రులు పాస్ కావాల్సిన ఇంటర్వ్యూ ఒకటి ఉంది. దాని పేరు సర్టిఫికెట్ల పరిశీలన. అక్కడ ప్రశ్నలు కాగితాలను అడుగుతారు. కాగితం జవాబు చెప్పకపోతే మంచి ర్యాంకు ఉన్నా నష్టం జరుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది లోకల్ విషయం. దీని మీద మన ప్రాంతంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఎందుకంటే విజయవాడ హైవే మొదలయ్యేది ఇక్కడే. నల్గొండ, ఖమ్మం, సూర్యాపేట నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లూ, గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చినవాళ్లూ వనస్థలిపురం నుంచి మలక్‌పేట దాకా కలిసి ఉంటున్నారు. పదో తరగతి అవ్వగానే పిల్లల్ని ఇంటర్‌కు విజయవాడ, గుంటూరు హాస్టళ్లకు పంపే అలవాటు కూడా మన దగ్గర ఉంది.

2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం మెడికల్ అడ్మిషన్ల నిబంధనలను మార్చింది. అర్హత పరీక్షతో, అంటే ఇంటర్ రెండో ఏడాదితో, ముగిసే వరుస నాలుగేళ్లు తెలంగాణలో చదివి ఉండాలి, ఇంటర్ ఇక్కడే పాసై ఉండాలి అన్నది దాని సారాంశం. అంటే 9, 10, ఇంటర్ మొదటి ఏడాది, రెండో ఏడాది. దీన్ని కొందరు విద్యార్థులు హైకోర్టులో సవాలు చేశారు. చివరికి 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. ఉద్యోగరీత్యా బయటి రాష్ట్రాల్లో పనిచేసే ప్రభుత్వోద్యోగులు, సైనికులు వంటి కొన్ని వర్గాల పిల్లలకు మినహాయింపులు ఉన్నాయి. అందరికీ లేవు.

దీని అర్థం ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. ఎల్బీ నగర్‌లో పుట్టి, పదో తరగతి దాకా ఇక్కడే చదివిన అబ్బాయిని ఇంటర్‌కు విజయవాడ హాస్టల్‌లో వేశారనుకోండి. తెలంగాణలో వరుస నాలుగేళ్లు నిండవు. ఆంధ్రప్రదేశ్‌లో చదివింది రెండేళ్లే కాబట్టి అక్కడా లోకల్ అని చెప్పుకోవడం కష్టం. ఆల్ ఇండియా కోటా ఎలాగూ ఉంటుంది, కానీ రాష్ట్ర కోటాలో రెండు వైపులా కాళ్లు పెట్టి రెండు వైపులా జారిపోయే ప్రమాదం ఉంది. మీ ఆధార్ కార్డులో తెలంగాణ చిరునామా ఉన్నా, ఇక్కడ సొంత ఇల్లు ఉన్నా, చూసేది స్టడీ సర్టిఫికెట్లనే. కాబట్టి ఎనిమిదో తరగతి పిల్లల పేరెంట్స్ ఈ లెక్క ఇప్పుడే వేసుకోవాలి. ఇంటర్ ఎక్కడ అన్న నిర్ణయం, మెడికల్ సీటు ఎక్కడ అన్న నిర్ణయం రెండూ ఒకటే.

ఇక సిద్ధంగా ఉంచుకోవాల్సిన కాగితాలు ఇవి:

• పదో తరగతి మెమో. పుట్టిన తేదీకి ఆధారం ఇదే. అడ్మిషన్ జరిగే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. పిల్లల్ని తొందరగా బడిలో వేసినవాళ్లు ఈ తేదీ ఒకసారి చూసుకోండి.

• 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు. మధ్యలో స్కూలు మారితే పాత స్కూలు నుంచి అప్పుడే తీసుకోండి. ఆ స్కూలు తర్వాత మూతపడితే సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి.

• కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం. వీటికి మీసేవలో దరఖాస్తు చేయాలి. రాష్ట్ర కోటాకు బీసీ సర్టిఫికెట్ సరిపోతుంది. ఆల్ ఇండియా కోటాకు కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్ర జాబితాలో ఉన్న అన్ని కులాలూ కేంద్ర జాబితాలో ఉండవు, ముందే చూసుకోండి.

• ఈడబ్ల్యూఎస్ వర్తించేవాళ్లు ఆ ఆర్థిక సంవత్సరానికి చెల్లే సర్టిఫికెట్ తీసుకోవాలి. పోయినేడాదిది పనికిరాదు.

• పేర్లు. పదో తరగతి మెమోలో ఒక స్పెల్లింగ్, ఆధార్‌లో ఒకటి, కుల సర్టిఫికెట్‌లో ఇంకొకటి ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఇంటిపేరు ముందు రాశారా, వెనక రాశారా అన్నదీ చూడండి.

వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు ఏ కంప్యూటర్ సెంటర్ కుర్రాడికో పాస్‌వర్డ్ ఇచ్చి ఇంటికి రాకండి. పిల్లలతో పక్కన కూర్చుని, మీరు నిజంగా ఏ కాలేజీ కోరుకుంటున్నారో ఆ వరసలోనే ఆప్షన్లు పెట్టించండి. ఫీజుల తేడా కూడా మనసులో ఉంచుకోండి. ఇటీవలి సంవత్సరాల్లో ప్రభుత్వ కాలేజీలో ఏడాదికి సుమారు 10 వేలు, ప్రైవేటు కన్వీనర్ సీటుకు 60 వేలు ఉండగా, బి కేటగిరీ సీటుకు 11 లక్షలు దాటుతోంది. ఆప్షన్ల వరసలో ఒక్క పొరపాటు ఎంత ఖర్చు తెస్తుందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇంటర్వ్యూ నిజంగా ఉండే చోట్లు

మొదటిది, పుణెలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీ. 1948లో మొదలైన ఈ కాలేజీలో చదివినవాళ్లు త్రివిధ దళాల వైద్య విభాగంలో అధికారులుగా పనిచేయాలి. నీట్ రాశాక ఎంసీసీ పోర్టల్‌లో ఈ కాలేజీని ఎంచుకోవాలి. మార్కులను బట్టి కొందరిని పుణెకు పిలుస్తారు. అక్కడ ఇంగ్లిష్, లాజిక్, రీజనింగ్ మీద ఒక పరీక్ష, మానసిక తీరును అంచనా వేసే మరో పరీక్ష, 50 మార్కుల ఇంటర్వ్యూ, ఆపైన వైద్య పరీక్షలు ఉంటాయి. అభ్యర్థి అవివాహితులై ఉండాలి. అమ్మాయిలకూ సీట్లు ఉన్నాయి. సైనిక నర్సింగ్ కాలేజీల్లో బీఎస్సీ నర్సింగ్‌కు వెళ్లే అమ్మాయిలకు కూడా నీట్ తర్వాత ఇలాగే పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. మన ప్రాంతంలో చాలామందికి ఈ దారి ఒకటి ఉందని తెలియకపోవడం వల్ల ఎంసీసీలో ఆ బటన్ నొక్కకుండానే వదిలేస్తారు.

రెండోది, బ్రిటన్. అక్కడ ఇంటర్‌తో సమానమైన చదువు తర్వాత నేరుగా మెడిసిన్‌లో చేరవచ్చు. దరఖాస్తుకు గడువు సాధారణంగా ముందు ఏడాది అక్టోబరు 15. యూక్యాట్ అనే పరీక్ష రాయాలి, తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది. అమెరికాలో మన ఇంటర్ అయిన వెంటనే మెడికల్ స్కూల్‌లో చేరడం కుదరదు. ముందు నాలుగేళ్ల డిగ్రీ, ఎంక్యాట్ పరీక్ష, ఆ తర్వాతే ఇంటర్వ్యూ. అక్కడి మన బంధువుల పిల్లలు చెప్పేది ఈ సంగతే.

మూడోది, తక్కువ ఖర్చుతో ఎంబీబీఎస్ అంటూ మన దగ్గర ప్రచారం జరిగే దేశాలు. వీటిలో కొన్ని యూనివర్సిటీలు చిన్న వీడియో ఇంటర్వ్యూ పెడతాయి. అది సాధారణంగా కష్టం కాదు. ఇక్కడ ప్రశ్నలు అడగాల్సింది మీరే. 2021 నవంబరులో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం, విదేశీ డిగ్రీకి ఇక్కడ గుర్తింపు రావాలంటే కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిష్‌లో బోధించాలి, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో డాక్టర్‌గా ప్రాక్టీసు చేసే లైసెన్సుకు అర్హత రావాలి. బయలుదేరే ముందు నీట్‌లో క్వాలిఫై అయి ఉండాలి. తిరిగి వచ్చాక స్క్రీనింగ్ పరీక్షలో 300కు 150 తెచ్చుకోవాలి. ఏజెంటు ముందు కూర్చున్నప్పుడు ఈ విషయాలు ఒక్కొక్కటిగా అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. జవాబు దాటవేస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇంటర్వ్యూలో అడిగేవి, చెప్పాల్సినవి

ఏ దేశమైనా మొదటి ప్రశ్న ఒకటే: "డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నావు?" మన పిల్లలు నూటికి తొంభై మంది చెప్పే జవాబు: "పేదలకు సేవ చేయాలని." అది అబద్ధం కాదు. కానీ ఎదుటివాళ్లు ఆ రోజు అదే మాట ఇరవై సార్లు విని ఉంటారు.

అదే ప్రశ్నకు ఇంకో జవాబు చూడండి: "మా నానమ్మకు షుగర్. మాత్రలు వారం వేసుకుని, బాగుందనిపించగానే మానేసేది. మా వీధి బస్తీ దవాఖానాకు ఆమెతో వెళ్లేదాన్ని. అక్కడి డాక్టర్ కొత్త మాత్ర రాయకుండా, ఎందుకు మానేస్తున్నారని నానమ్మను అడిగారు. మాత్రలు వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయని నానమ్మ అప్పుడు చెప్పింది. మాకెప్పుడూ చెప్పలేదు. రోగం తెలుసుకోవాలంటే ముందు మనిషితో మాట్లాడాలని అప్పుడు అర్థమైంది." ఇందులో గొప్ప ఇంగ్లిష్ లేదు, పెద్ద మాటలు లేవు. ఒక మనిషి, ఒక చోటు, ఒక సంఘటన, దానినుంచి తెలుసుకున్న ఒక విషయం ఉన్నాయి. ఇది ఎవరూ రాసివ్వలేరు, పిల్లలు చూసి ఉండాలి.

అందుకే ఇంటర్వ్యూ ప్రిపరేషన్ అంటే ప్రశ్నా జవాబుల పుస్తకం బట్టీ పట్టడం కాదు. మీ పిల్లలు చూడటానికి మన చుట్టుపక్కల చాలా ఉంది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఒకప్పుడు ఉన్న చోట పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఎందుకు తలపెట్టారు? ఇన్ని ప్రైవేటు ఆసుపత్రులు ఉన్న ఎల్బీ నగర్‌కు ప్రభుత్వ ఆసుపత్రి అవసరం ఏమిటి? వానాకాలంలో సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీల్లో డెంగీ గురించి ఎందుకు హెచ్చరిస్తారు? భోజనం దగ్గర ఇలాంటి ఒక ప్రశ్న వేసి పిల్లల్ని మాట్లాడనివ్వండి. తప్పు చెప్పినా మధ్యలో ఆపకండి.

ఎంఎంఐ అంటే ఏమిటి?

ఇప్పుడు విదేశాల్లో ఎక్కువగా వాడే పద్ధతి మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ. 2000ల మొదట్లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ దీన్ని రూపొందించింది. ఒకే ప్యానెల్ ముందు అరగంట కూర్చోబెట్టే బదులు, వరసగా కొన్ని గదులు లేదా బల్లలు పెడతారు. ఒక్కో చోట ఒక్కో పరిస్థితి రాసి ఉంటుంది. అది చదివి కాస్త ఆలోచించుకుని, లోపలికి వెళ్లి కొన్ని నిమిషాలు మాట్లాడాలి. ఒక చోట సరిగా చెప్పలేకపోయినా తర్వాతి చోట కొత్త మనిషి, కొత్త మార్కులు. ఒక్క పరిశీలకుడి ఇష్టాయిష్టాల మీద ఫలితం ఆధారపడకూడదన్నది దీని ఉద్దేశం. శ్రీనగర్ కేసులో మన సుప్రీంకోర్టుకు వచ్చిన అనుమానానికి వాళ్లు వెతుక్కున్న పరిష్కారం ఇదన్నమాట.

ఇంట్లో ఒకటి ప్రయత్నించి చూడండి. పరిస్థితి ఇది: "పక్కింటి ఆంటీ వచ్చి, పోయిన నెల నీకు డాక్టర్ రాసిన యాంటీబయాటిక్ మాత్రలు మిగిలితే ఇవ్వమంటోంది. వాళ్ల బాబుకు రెండు రోజులుగా జ్వరం. నువ్వేం చేస్తావు?"

"ఇవ్వను, అది తప్పు" అంటే అర జవాబే. మంచి జవాబు నాలుగు మెట్లుగా ఉంటుంది. మొదట, ఆంటీ ఎందుకు అడుగుతోందో అర్థం చేసుకోవాలి. డాక్టర్ ఫీజు బరువైందా, ఆదివారమా, భయమా? రెండోది, తెలిసినదీ తెలియనిదీ విడదీయాలి. జ్వరాలన్నిటికీ యాంటీబయాటిక్ పనిచేయదు, వైరస్ జ్వరానికి అసలు పనిచేయదు, పిల్లల డోసు బరువును బట్టి ఉంటుంది, ఆ బాబుకు ఏ మందు పడదో మనకు తెలియదు. మూడోది, మర్యాదగా కాదని చెప్పి, కారణం ఆంటీకి అర్థమయ్యే మాటల్లో వివరించాలి. నాలుగోది, సాయం చేయాలి. దగ్గరి బస్తీ దవాఖానాకు తోడు వెళ్లడం, బాబు బాగా నీరసించినా, ఫిట్స్ వచ్చినా 108కు ఫోన్ చేయడం. ఆపైన, మన ఇంట్లో మాత్రలు ఎందుకు మిగిలాయి, కోర్సు పూర్తిగా వేసుకోలేదా అని తనను తాను అడుగుకునే పిల్లలు ఉంటే, పరిశీలకుడు ఆ పేరు పక్కన తప్పకుండా గుర్తు పెట్టుకుంటాడు.

మొదట తెలుగులోనే చెప్పించండి. ఆలోచన సరిగ్గా కుదిరాక ఇంగ్లిష్‌లో చెప్పించండి. ఆలోచనా భాషా రెండూ ఒకేసారి వెతుక్కోవాల్సి వస్తే పిల్లలు తడబడతారు. అప్పుడు మనం "ఇంగ్లిష్ రాదు" అని పొరపడతాం.

మనం చేసే పొరపాట్లు

ఎవరైనా మీ పిల్లల్ని "ఏమవుతావమ్మా?" అని అడిగితే, జవాబు మీరే చెప్పేస్తున్నారా? ఇది చాలా ఇళ్లలో జరుగుతుంది. ఎనిమిదేళ్ల పాటు అమ్మానాన్నలే జవాబు చెప్పాక, పదిహేడేళ్లకు ఒక్కసారిగా నువ్వు చెప్పు అంటే నోరు ఎలా వస్తుంది? రెండో పొరపాటు, తెలియదని చెప్పడం అవమానం అన్నట్టు పెంచడం. ఇంటర్వ్యూలో "నాకు తెలియదు సార్, కానీ ఇలా ఆలోచిస్తాను" అనడం మంచి జవాబే. మూడోది, పక్కింటి పిల్లలతో పోల్చడం. దానివల్ల పిల్లలు మాట్లాడటం మానేస్తారు, ఆపైన మాటల ట్రైనింగ్‌కు మనం డబ్బు కడతాం.

ఇంటర్వ్యూ లేదు కాబట్టి ఇవన్నీ మనకెందుకు అనుకోకండి. 2019 నుంచి మన ఎంబీబీఎస్ సిలబస్‌లోనే రోగితో ఎలా మాట్లాడాలి, చెడు వార్త ఎలా చెప్పాలి, నైతికంగా ఎలా నడుచుకోవాలి అన్నవి పాఠాలుగా చేరాయి. నీట్ అడగని ప్రశ్నలను వార్డులో రోగి అడుగుతాడు.

క్లాసు వారీగా ఏం చేయాలి?

8వ తరగతి: నాలుగేళ్ల లోకల్ లెక్క వేయండి. పేర్ల స్పెల్లింగ్‌లు సరిచూడండి.

9, 10: స్టడీ సర్టిఫికెట్లకు ఒక ఫైలు పెట్టండి. వారానికోసారి పదిహేను నిమిషాల మాటల ఆట ఆడండి.

ఇంటర్ మొదటి ఏడాది: సైనిక వైద్య కళాశాల ఇష్టమేనా అని పిల్లల్నే అడగండి. విదేశాలకైతే గడువు తేదీలు రాసిపెట్టుకోండి.

ఇంటర్ రెండో ఏడాది: కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవగానే ఆదాయ, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లకు దరఖాస్తు చేయండి. నిబంధనలు ఏటా కొంత మారతాయి. ఆ ఏడాది యూనివర్సిటీ, ఎంసీసీ ఇచ్చే నోటిఫికేషన్‌దే తుది మాట, వాట్సాప్ గ్రూపుది కాదు.

చివరిగా ఒక్క మాట. ఈ ఆదివారం మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని "నువ్వు డాక్టర్ ఎందుకు అవుదామనుకుంటున్నావు?" అని అడగండి. అడిగి ఊరుకోండి, అందించకండి. వాళ్ల సొంత మాట ఏదైనా వస్తే, ఎంత చిన్నదైనా, దాన్ని నిలబెట్టండి. జవాబు చెప్పడానికి బదులు "నువ్వే చెప్పు" అన్నట్టు మీ ముఖంలోకి చూస్తే మాత్రం, ఇంటర్వ్యూ ట్రైనింగ్ సంగతి పక్కన పెట్టండి. ఆ రోజు మాట్లాడుకోవాల్సింది వేరే ఉంది. బయోలజీ ఇష్టమా, లేక మనకోసం చదువుతున్నారా అన్నది ఇప్పుడే తెలుసుకుంటే, నీట్‌కు లాంగ్ టర్మ్ కోచింగ్‌లో రెండో ఏడాదో మూడో ఏడాదో గడిచాక తెలుసుకోవాల్సిన బాధ తప్పుతుంది.

మీ సందేహాలు ఉంటే వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చినా సరే, మేము ఉంటాం.